చూడి కుందేళ్ళ మేత

కుందేళ్ళ షెడ్డు నుంచి,
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

ఫోను చేస్తే మాటకంటే ముందు ఏడుపొస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

నిన్న పొద్దున తెల్లచెవిది ఈనింది. తొమ్మిది పిల్లలు. తొమ్మిదీ చచ్చే పుట్టాయి. ఈ ఆరేళ్ళలో చచ్చి పుట్టినవాటిని చూడకపోలేదు. కానీ ఇలాంటి తలలు ఎప్పుడూ చూడలేదు. ఒళ్ళేమో వేలెడంత, తల దాన్ని మించి ఉంది. నుదురు ఉబ్బిపోయి, వేలు ఆనిస్తే మిగలపండిన ద్రాక్షలా లోపలికి దిగిపోయింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా ఆ మెత్తదనం వేలికి అంటుకునే ఉంది.

సోమవారం బూడిదరంగుది ఈనినప్పుడు కూడా అంతే, ఐదుకి ఐదూ. అప్పుడు చలికి అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోను?

ఇంకా తొమ్మిది చూడివి ఉన్నాయి. పన్నెండో రోజున కడుపులు తడిమితే పిల్లలు వరసగా గోలీల్లా తగిలాయి. నిన్న మళ్ళీ తడిమాను. రెండింటి కడుపులో ఏమీ లేవు. గూట్లో రక్తం చుక్క లేదు, పడిపోయిన గుర్తు లేదు. లోపలే కరిగిపోయాయా అన్నయ్యా? అలా కూడా అవుతుందా?

నేనేమీ మార్చలేదు. పొద్దున నీ మిల్లు మేత గుళికలు. సాయంత్రం ఆకుల అవ్వ తెచ్చే కట్టలు. గరిక, మెంతికూర, ఈనబోయే వారం సోపాకు, పిల్లలు పాలు మానే రోజుల్లో తల్లికి కాస్త పుదీనా. అమ్మ చెప్పిన పద్ధతే.

నా కడుపున రెండూ నిలవలేదు. నా చేతికింద మూగజీవాలకి కూడా నిలవవా? ఈ మాట మీ బావతో అనలేదు. నీతోనే అంటున్నాను. నువ్వు మేత మనిషివి. ఏదైనా చెప్పు.

నీ చెల్లి


మిల్లు క్వార్టర్సు,
ఫిబ్రవరి 15

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి మీ వదిన అన్నం మానేసి కూర్చుంది. నేను మాత్రం తిన్నాను. ఇద్దరం మానేస్తే కుందేళ్ళు బతుకుతాయా?

ముందు ఆ చేతి గోల వదిలెయ్. నీ చేతిలో దోషమే ఉంటే ఆరేళ్ళుగా షెడ్డు పిల్లలతో ఎలా నిండింది? చిన్నప్పుడు కోడిపిల్ల తూలితే నీ దిష్టే తగిలిందని దాక్కున్న రకానివి నువ్వు. ఎవరు చెప్పినా వినవు, నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇప్పుడు నిజంగానే కుందేళ్ళు పట్టావు కాబట్టి కాళ్ళు సరిగ్గా లెక్కపెట్టు.

షెడ్డులోకి పిల్లి గానీ ఎలుక గానీ వస్తోందేమో చూడు. బెదిరితే చూడివి నిలుపుకోవు. నీళ్ళ గిన్నెలు వేడినీళ్ళతో కడుగు. చూడివాటికి గుళికలు ఇంకో గుప్పెడు ఎక్కువ వెయ్యి. డిసెంబరు నుంచి మాకు కొత్త కంపెనీ విటమిన్ పొడి వస్తోంది, వెనకటిదానికంటే మంచిదంటున్నారు. కలిపేది ఎవరనుకున్నావు? నేనే. ఎనిమిదేళ్ళు రోజుకూలీగా బస్తాలు మోశాక, డిసెంబరు మొదట్లోనే నన్ను పర్మినెంటు చేసి కలిపే మెషిన్ దగ్గర నిలబెట్టారు. పేరు కుట్టిన చొక్కా కూడా ఇచ్చారు. మీ వదిన దాన్ని రోజూ ఇస్త్రీ చేస్తోంది.

ధైర్యంగా ఉండు. బావని అడిగానని చెప్పు.

అన్నయ్య


షెడ్డు నుంచి,
ఫిబ్రవరి 28

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే గుప్పెడు ఎక్కువ వేశాను. పిల్లి లేదు, ఎలుక లేదు. నాలుగు రోజులు గుమ్మంలో కూర్చుని కాపలా కాశాను.

మరో నాలుగు ఈనాయి. ఇరవై ఆరు పిల్లల్లో మూడే కదిలాయి, అవి కూడా సాయంత్రం దాకా ఆగలేదు. అన్నిటికీ అదే తల.

పొద్దున షెడ్డు తలుపు తియ్యాలంటే కాళ్ళు రావడం లేదు. పెట్టె మూత మీద చెయ్యి వేసి పది లెక్కపెట్టి తీస్తున్నాను. తల్లి రొమ్ము మీద బొచ్చు పీక్కుని ఎంత మెత్తగా పక్క పరుచుకుంటుందో! ఆ పక్కలో చల్లగా అవి. వాటిని తీసేస్తుంటే తెల్లచెవిది నా చెయ్యి వాసన చూసింది. కరిచినా బాగుండేది.

పశువుల డాక్టరు వచ్చాడు. పిల్లల తలలు కోసి చూసి, "లోపల నీరు చేరిందమ్మా. విటమిన్ ఏ తక్కువైతే ఇలా అవుతుంది. మీ మేతలో ఉందా?" అని అడిగాడు. "మా అన్నయ్య చేత్తో కలిపే మేతండీ" అన్నాను, కాస్త గొప్పగానే. అయినా మంచిదని ఒక చుక్కల సీసా ఇచ్చాడు, రోజూ తల్లుల నోట్లో వెయ్యమన్నాడు. నిన్ను అడక్కుండా వెయ్యడం ఇష్టంలేక అటక మీద పెట్టాను.

వెయ్యనా?

నీ చెల్లి


మిల్లు నుంచి,
మార్చి 5

చెల్లీ,

చుక్కలు వెయ్యకు. ఒక్క చుక్క కూడా వద్దు. సీసా డాక్టరుకి తిరిగి ఇచ్చెయ్.

నాకు తోచింది చెబుతాను. ఇది ఆకుల వల్లే. ఆ అవ్వకి కళ్ళు సరిగ్గా కనిపించవని నువ్వే ఒకసారి అన్నావు. గట్ల మీద సదాపాకు దండిగా పెరుగుతుంది. అది చూడివాటికి పడదని అమ్మ కూడా చెప్పేది. కట్టల్లో కలిసిపోయి ఉంటుంది. ఇవాళ్టి నుంచి అవ్వ దగ్గర ఆకు ముట్టుకోకు.

██████████ ██████ ███████████ (ఇది కొట్టేశాను, పట్టించుకోకు.)

పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను.

అన్నయ్య


షెడ్డు నుంచి,
మార్చి 20

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇంత చిన్నది ఎప్పుడూ రాలేదు. పిచ్చుకా అనలేదు, బావని అడగలేదు. నల్లగా కొట్టేసిన చోట కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. "గుళి" అని రెండక్షరాలు కనిపించాయేమో అనిపించింది. ఏం రాశావు?

ఆకులు మానేశాను. పాత కట్టలన్నీ విప్పి ఒక్కొక్క రెమ్మా వాసన చూశాను. సదాపాకు నాకు దొరకలేదు. అయినా నువ్వు చెప్పావు కదా అని మా కుందేళ్ళ సంఘం ఆడవాళ్ళతో అన్నాను. వాళ్ళ కుందేళ్ళకీ ఇలాగే అవుతోంది. అందరం నీ మిల్లు గుళికలూ అవ్వ ఆకులూ వేసేవాళ్ళమే కదా. అవ్వ మర్నాడు గంపతో వస్తే మూడిళ్ళ దగ్గర తలుపులు వేశారు. నాలుగో ఇంటావిడ గంప లాగి మురుగుకాలవలో బోర్లించింది. "విషం అమ్ముతావా ముసల్దానా" అంది. అవ్వ వంగి ఆ మురికిలోంచి మెంతికూర ఏరుకుంటూ నావైపు చూసింది. "నువ్వు చెప్పమ్మా, నువ్వు చెప్పు" అంది.

నేను లోపలికి వచ్చేశాను.

ఆకులు లేవు కదా, గుళికలతోనే కడుపు నింపుతున్నాను. అయినా ఏమీ మారలేదు. నిన్న మచ్చలది ఈనలేక చచ్చిపోయింది. బూడిదరంగుది మేత ముట్టడం లేదు, వెంట్రుకలు రాలుతున్నాయి. మీ బావ పాల వ్యాను దిగి నేరుగా షెడ్డులోకి వచ్చేవాడు, ఇప్పుడు వాకిట్లోంచే "ఇవాళ ఎన్ని?" అని అడిగి వెళ్ళిపోతున్నాడు.

నాకు భయంగా ఉంది అన్నయ్యా. కుందేళ్ళ గురించి ఒక్కటే కాదు. దేని గురించో చెప్పలేను.

నీ చెల్లి


మిల్లు క్వార్టర్సు,
మార్చి 27

చెల్లీ,

కొన్నాళ్ళు మగవాటిని కలపకు. ఉన్నవాటికి ఎండుగడ్డి, నీళ్ళు చాలు.

నీ దగ్గరున్న బస్తాలు పాతబడి ఉంటాయి, పురుగు పట్టి ఉంటుంది. పారెయ్. గొయ్యి తీసి పూడ్చు. సంఘంలో ఎవరికైనా ఇచ్చి ఉంటే వాళ్ళనీ పారెయ్యమను. కారణం అడిగితే పురుగు అని చెప్పు.

డాక్టరుని ఇక పిలవకు. అనవసరం.

అన్నయ్య


షెడ్డు నుంచి,
ఏప్రిల్ 8

అన్నయ్యా,

ఇది మూడుసార్లు చదువుకుని పోస్టు చేస్తున్నాను. తొందరపడి రాసింది కాదు.

మా షెడ్డులో ఒక మొండిది ఉంది. పుట్టినప్పటి నుంచి గుళికలంటే దానికి పడదు. గిన్నె వెనక కాళ్ళతో తన్ని బోర్లించి, తీగల సందులోంచి ఆకుల కోసం చూస్తుంది. ఆకులు మానేశాక రెండు రోజులు ఏమీ తినలేదు. చూడలేక కంచె పక్కన గరిక, పెరట్లో మొలిచిన మెంతి, తోటలో సోపాకు పీకి వేశాను. నువ్వు వద్దన్నావని నీకు రాయలేదు.

అది మొన్న ఈనింది. ఏడు. ఏడూ కదులుతున్నాయి. తలలు గట్టిగా, చిన్నగా, శనగగింజల్లా ఉన్నాయి. బొచ్చు పక్క కింద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను, సంతోషంతో అనుకునేవు. కాదు. ఒళ్ళు చల్లబడిపోయి.

షెడ్డు మొత్తంలో ఆకులు మాత్రమే తిన్నది అదొక్కటే. పిల్లలు బతికింది దానికొక్కదానికే.

డాక్టరుకి చెప్పాను. ఆయన, "విటమిన్ ఏ తక్కువైనా ఇలాగే ఉంటుంది, మరీ ఎక్కువైనా అచ్చు ఇలాగే ఉంటుంది. నేను మొదటిదే ఆలోచించాను. ఆ చుక్కలు వేశారా?" అన్నాడు. వెయ్యలేదన్నాను. "ఎందుకు వెయ్యలేదు?" అంటే మా అన్నయ్య వద్దన్నాడని చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, "మీ అన్నయ్యకి ఎలా తెలుసు?" అన్నాడు.

అది నువ్వు చెప్పు.

గుళికల్లో తప్పు ఉందని ఎవరూ అనకముందే బస్తాలు పూడ్చమన్నావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. బస్తాల్లో పురుగు లేదు. నేను జల్లెడ పట్టి చూశాను. రెండు దోసిళ్ళు సీసాలో పోసి మూత బిగించి ఉంచాను. పరీక్షకి పంపాలని డాక్టరు అడుగుతున్నాడు.

పంపనా వద్దా అని నిన్నే అడుగుతున్నాను. అబద్ధం చెప్పాలనుకుంటే మాత్రం జవాబు రాయకు.

నీ చెల్లి


మిల్లు క్వార్టర్సు,
ఏప్రిల్ 14

పిచ్చుకా,

పంపు.

కొత్త కంపెనీ పొడి వెనకటిదానికంటే పది రెట్లు చిక్కనిది. డబ్బా మీద రాసే ఉంది. నేను చదవలేదు. పాత గరిటెతోనే, పాత లెక్కనే వేశాను, డిసెంబరు నుంచి. నువ్వు డాక్టరు మాట రాసిన రోజు, మనసులో ఏదో గుచ్చుకుని, గోడౌనులోకి వెళ్ళి ఖాళీ డబ్బా తిప్పి చూశాను. రెండోసారీ చదివాను. మెషిన్ తిరుగుతూనే ఉంది, ఆపడానికి చెయ్యి రాలేదు. ఆ డబ్బాని అక్షరాలు గోడవైపు ఉండేలా పెట్టి వచ్చేశాను.

మర్నాటి నుంచి గరిటెలో పదో వంతు వేస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. అప్పటికే వెళ్ళిపోయిన బస్తాలు వెళ్ళిపోయాయి.

నీకు రాద్దామని కూర్చున్నాను. "గుళికలు ఆపెయ్" అని రాసి కొట్టేశాను. ఎందుకని అడుగుతావు కదా. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన పని. మీ వదిన ఇస్త్రీ చేస్తున్న ఆ చొక్కా ఎదురుగా వేలాడుతోంది. అప్పుడు అమ్మ సదాపాకు మాట గుర్తొచ్చింది. చూపులేని ముసలామె, ఎవరికీ ఏమీ కాని మనిషి, ఆమె మీద పడితే ఏం పోతుందిలే అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. అక్షరం తప్పకుండా.

నువ్వు మురుగుకాలవ సంగతి రాసిన రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు. అయినా బస్తాలు పూడ్చమని రాశాను. భయం మనిషిని ఎంత తెలివిగలవాణ్ణి చేస్తుందో, అంత నీచుణ్ణీ చేస్తుంది. రోజూ మిల్లు గేటు దగ్గర ఎవరో ఒకరు చచ్చిన పిల్లలు పట్టుకొస్తారని కలవరం. ఫోను మోగితే ఎత్తడం లేదు.

నీ చేతిలో ఏ దోషమూ లేదమ్మా. ఎప్పుడూ లేదు.

అన్నయ్య


షెడ్డు నుంచి,
ఏప్రిల్ 18

సీసా పంపేశాను.

నాకు చెప్పావు. నేనొక్కదాన్నేనా ఆ గుళికలు కొన్నది? రేపు పొద్దున మీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళు. పరీక్ష ఫలితం రాకముందే వెళ్ళు. వచ్చాక వెళితే అది చెప్పడం కాదు, దొరికిపోవడం.

వెళ్ళాకే నాకు రాయి.


మీ వదిన పుట్టింటి నుంచి,
ఏప్రిల్ 29

చెల్లీ,

వెళ్ళాను. గది ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ డబ్బా చేత్తో పట్టుకుని వెళ్ళాను, మాట తడబడినా అది చూపించవచ్చని.

ఆయన చదివి, "ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

"మార్చి మొదటి వారం నుంచండీ."

"ఇవాళ ఎన్నో తేదీ?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తప్పు డబ్బాది. ఈ ఏడు వారాలు మాత్రం నీవి" అన్నాడు. అరిచినా ఇంత భయం వేసేది కాదు.

బస్తాలన్నీ వెనక్కి రప్పిస్తున్నారు. గేటు మీద కాగితం అంటించి, కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. నన్ను ఆ రోజే పొమ్మన్నారు. గేటు దగ్గర ఒక పెద్దాయన చెప్పుల అట్టపెట్టెతో నిలబడి ఉన్నాడు. లోపల ఏముందో మూత తియ్యకముందే నాకు తెలుసు. "కలిపేవాడు ఎవరయ్యా? ఒక్కసారి చూపించు" అని వాచ్‌మన్‌ని అడుగుతున్నాడు. నేనే అన్నాను. కొడతాడనుకున్నాను. పెట్టె నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయాడు. అంత తేలికైన పెట్టె నేనెప్పుడూ మొయ్యలేదు. గోడ పక్కన గొయ్యి తీసి పూడ్చాను.

క్వార్టర్సు ఖాళీ చేశాం. మీ వదిన అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడటం లేదు. ఆ చొక్కా మీది పేరు మాత్రం కూర్చుని దారం దారం విప్పేసింది.

అన్నయ్య


షెడ్డు నుంచి,
ఆగస్టు 21

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయాలని అనిపించలేదు.

పరీక్షలో నువ్వు చెప్పినదే వచ్చింది. సంఘం వాళ్ళని మా వాకిట్లో కూర్చోబెట్టి అంతా చెప్పాను, నీ పేరుతో సహా, నా పేరుతో సహా. గంప బోర్లించినావిడ లేచి వెళ్ళిపోయింది. ఆమె కూడా భయంతోనే చేసింది. అందరం భయంతోనే చేశాం.

ఆ సాయంత్రమే అవ్వ గదికి వెళ్ళాను. నెలకి పైగా బయటికి రాలేదట, పక్కింటివాళ్ళు పెట్టింది తింటోంది. నేను చెప్పిందంతా విని, "సదాపాకు నేను ముట్టనమ్మా. అయినా అందరూ అంటుంటే, నేనే కలిపానేమో, కళ్ళు కనిపించక నేనే చంపానేమో అనుకున్నా. రోజూ చేతులు వాసన చూసుకున్నా" అంది. చెయ్యి నా మొహం దగ్గరికి పెట్టి, "చూడు, ఏమైనా వస్తోందా?" అంది. మెంతి వాసన కూడా లేదు అన్నయ్యా. ఏ వాసనా లేదు.

నేను కాళ్ళ మీద పడ్డాను. లెమ్మనలేదు. కాసేపయ్యాక, "రేపట్నుంచి ఆకు తెస్తా. నీకోసం కాదు, వాటికోసం" అంది. అలాగే తెస్తోంది. గంప దించుతుంది, కట్టలు లెక్క చెబుతుంది, వెళుతుంది. మంచినీళ్ళు ఇస్తే తాగదు.

ఒంట్లో చేరిన విటమిన్ తగ్గడానికి నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు. ఎండుగడ్డి, గరిక, వేరే మిల్లు గుళికలు కొలిచి కొద్దిగా. జూలై దాకా ఆగి తెల్లచెవిదాన్ని కలిపాను. ముప్ఫై ఒక్క రోజులూ నేను మనిషిని కాను. నిన్న పొద్దున ఈనింది. మూత తీసి, చూడకుండా ముందు చెయ్యి పెట్టి ఒక్కొక్క తలా తడిమాను. గట్టిగా, గట్టిగా, గట్టిగా. ఆరోది మెత్తగా తగిలింది. అది మధ్యాహ్నానికి పోయింది. ఐదు ఉన్నాయి. ఇవాళ పొట్టలు పాలతో తెల్లగా కనిపిస్తున్నాయి. ఒకటి పోయింది కాబట్టి భయం పోలేదు. ఐదు ఉన్నాయి కాబట్టి తలుపు తియ్యగలుగుతున్నాను.

వదిన రాసింది. నువ్వు పని వెతకడానికి కూడా గడప దాటడం లేదట. ఇక్కడ గూళ్ళు కడగడానికి, మేత కొలవడానికి మనిషి కావాలి. మీ బావ కూడా రమ్మంటున్నాడు. నా కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే నువ్వు అక్కడే మూల కూర్చుంటావు.

బస్సు దిగి నేరుగా మా ఇంటికి రాకు. అవ్వకి నీ మాట నేను చెప్పాను, కానీ అది నువ్వు చెప్పాల్సిన మాట. ముందు ఆవిడ గదికి వెళ్ళు. మా సందు చివర, నీలం తలుపు. తలుపు తట్టి, ఎవరంటే ఎవరివో చెప్పు. ఆవిడ ఏమన్నా నిలబడి విను.

తర్వాత మా ఇంటికి రా. అన్నం ఉంచుతాను.

నీ చెల్లి